మౌనంలో పడ్డ దెబ్బ

పోయిన ఆదివారం పూజ అయ్యాక నలుగురి ముందర మెడలోని జపమాల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుని, విసవిసా గుడి మెట్లు దిగిపోతున్న శౌరమ్మ దగ్గర కథ ఆగింది. "ఆ మౌనంల చప్పుడు పడ్డదంటె, ఈ గుడిల నేను మళ్ళ పాట ఎత్త!" అన్నది ఆ ఒట్టు. దానికి కారణం మనవరాలు మనాలి, మనాలి కొనుక్కున్న కీబోర్డు, ఆ కీబోర్డును గుడిలోకి రమ్మని పిలిచిన కొత్త ఫాదర్ మెల్విన్. అంత కోపంలో వేసుకొచ్చిన చెప్పుల్లో ఒకటే తనదనీ, రెండోది గాయక బృందంలో తన పక్కన కూర్చునే లూర్దుదనీ శౌరమ్మకు ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. లూర్దు కూడా ఆ రోజు అలాగే తడబడుతూ ఇల్లు చేరిందట.

ఒట్టు పెట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఎవరి మీది కోపంతో పెట్టుకున్నామో ఆ మనిషితోనే ఒక్క గదిలో వారమంతా గడపాలంటే మాత్రం ఓపిక కావాలి. కామాటిపుర చాళ్ళలో, ఆ ఒంటిగది ఇండ్ల వరుసల్లో, కోపం వచ్చిన మనిషి విసురుగా వెళ్ళి తలుపేసుకోవడానికి రెండో గది ఉండదు. శౌరమ్మ చీరలకు ఫాల్ కుట్టుకుంటూ గోడ వైపు తిరిగి కూర్చుంది. మనాలి కళ్ళద్దాల దుకాణంలో డ్యూటీ దిగి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని శబ్దం బయటికి రాకుండా వాయించుకుంది. శబ్దమే లేనప్పుడు తిట్టడం ఎలా? కానీ ఆ వేళ్ళ కింద నలుగుతున్నది ఏ పాటో వెనక్కి తిరిగి చూడకుండానే శౌరమ్మకు తెలుసు.

మాటలు లేవు గానీ చాయ్ ఆగలేదు. మనవరాలికి అల్లం ఘాటుగా ఉంటే ఇష్టమని శౌరమ్మ ఆ వారమంతా అల్లం దంచి మరీ వేసింది. కోపం కోపమే, అల్లం అల్లమే. రేవులో పనిచేసి రిటైరైన ఆమె భర్త ఇన్నయ్య ఇద్దరి మధ్యా కూర్చుని, "పాట ఎట్ల పాడినా పోయేది మీదికే గద" అని ఒకసారి అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు.

ఇంత రాద్ధాంతం ఏ పాట మీదో తెలియాలి కదా. మరియమాత పండుగ పూజలో ఈ గుడి విచారణ కింద ఉన్న ఒక్కో భాషవాళ్ళు ఒక్కో పాట పాడతారు. కొంకణీవాళ్ళు, మరాఠీవాళ్ళు, తమిళులు అయ్యాక చివరికి మనవాళ్ళ వంతు. కామాటిపుర తెలుగు ఇండ్లలో పోచమ్మనో ఎల్లమ్మనో కొలిచేవే ఎక్కువ, మరియమ్మను కొలిచేవి కొద్ది. కొద్దిమందే అయినా వాళ్ళ పాట వాళ్ళ సొంతం. ఏ కీర్తనల పుస్తకంలోనూ అది అచ్చు కాలేదు.

రాయెత్తి వచ్చేము, మరియ తల్లీ...
నీ కొంగు నీడియ్యి, మరియ తల్లీ...

ప్రతి 'తల్లీ' తర్వాత పాట ఆగిపోతుంది. ఒక ఊపిరి పట్టేంతసేపు ఎవ్వరూ కిక్కురుమనరు. తర్వాత అందరూ ఒక్కసారే అందుకుంటారు. శౌరమ్మకు ఈ పాట నేర్పింది అత్త జ్ఞానమ్మ. "ఇక్కడ ఆగాలె" అన్నది. ఎందుకని కొత్త కోడలు అడిగితే, "ఆగాలె, అంతే" అని ముఖం తిప్పుకుంది. అత్త పోయాక పాట ఎత్తే బాధ్యత శౌరమ్మకు వచ్చింది. ఎవరైనా అదే ప్రశ్న అడిగితే అత్తలాగా తెగేసి చెప్పడం ఆమెకు చేతకాలేదు. "ఆడ తల్లి మనకు జవాబిస్తది. నోరు మూసుకొని వినాలె" అని చెప్పసాగింది. చెప్పగా చెప్పగా ఆ మాట తనకే నిజమైపోయింది. పండుగనాడు గుడి నిండా జనం, ఆ జనం మధ్యలో ఆ కాస్త మౌనం, అందులో ఎవరో తన తల మీద చెయ్యి వేసినట్టు ఉండేది ఆమెకు. ఏడాదికంతటికీ అదే ఆమె సంతోషం.

నిరుడు ఆ పాట పాడింది నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్న కొన్ని ముసలి గొంతులు. పడుచువాళ్ళు వెనక వరుసల్లో ఫోన్లు చూసుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా వాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. నిరుడే ఈ గుడికి వచ్చి ఇదంతా చూసిన ఫాదర్ మెల్విన్ ఈసారి పాటను మనాలి చేతిలో పెట్టాడు. అందరూ పాడాలి, పడుచువాళ్ళు ముందు పాడాలి అన్నాడు. మనాలి పాటకు కీబోర్డు జోడించింది, మౌనం వచ్చేచోట తాళం నింపింది. శౌరమ్మ ఒట్టు పెట్టుకుంది. ఇదీ సంగతి.

ఈ ఆదివారం ఫాదరే కబురు పెట్టాడు. "పూజ అయ్యాక హాలులో కూర్చుందాం. ఒక్కసారి వినండి. వినీ వద్దంటే, నిరుటిలాగే పాడుకోండి. నేను మాట మాట్లాడను." వినడానికి ఒట్టు అడ్డం కాదని శౌరమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. విని, వద్దని చెప్పి రావడానికే ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరింది.

గుడి వెనక హాలులో ఒక పక్క చాపల మీద ఆడవాళ్ళు, ఇంకో పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో పడుచువాళ్ళు. పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కూర్చున్నట్టు ఎవరి వైపు వాళ్ళున్నారు. ఎదురుగా తెర మీద పాట వెలుగుతోంది. అక్షరాలు మాత్రం మరాఠీవి. బస్సు బోర్డులు చదివి చదివి వచ్చిన చదువుతో శౌరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. రా... యె... త్తి. తన పాటే. ఇంటి మనిషే పరాయి బట్టలు కట్టుకుని ఎదురైనట్టు అనిపించి, నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"మొదలు పెట్టు మనాలీ" అన్నాడు ఫాదర్. వసాయి నుంచి వచ్చిన ఫాదర్‌కు తెలుగు కొంచెం అర్థమవుతుంది గానీ మాట్లాడటం ఇంకా రాదు. మరాఠీలోనే మాట్లాడతాడు. మనవాళ్ళకు అది సగం ఇంటి భాషే కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

మనాలి ఏదో మీట నొక్కింది. కీబోర్డులోంచి డోళ్ళూ తాళాలూ ఒక్కసారి లేచాయి. ఆడవాళ్ళు అలవాటు కొద్దీ పాట అందుకున్నారు. శౌరమ్మ మాత్రం పెదవి కదపలేదు. మొదటి 'తల్లీ' దగ్గర అందరూ ఆగారు. కీబోర్డు ఆగలేదు. అది తన దారిన తాను డబడబలాడుతూ పోయింది. దాన్ని అందుకోబోయి ఆడవాళ్ళు ఒకరు ముందు, ఒకరు వెనక అయ్యారు. పాట చెల్లాచెదురైపోయింది.

"ఏందే మనాలి ఇది?" లూర్దు లేచి నిలబడింది. "గుడి పాటనా, ఫాక్‌లాండ్ రోడ్డు మీద పెండ్లి బరాతా? ఇగ గుర్రమొక్కటే తక్కువున్నది!"

హాలంతా నవ్వు. ఫాదర్ కూడా నవ్వాడు. లూర్దు మాత్రం నవ్వలేదు. ఆమె దగ్గర చాలా ఏళ్ళ బాకీ ఉంది. "మొదలు మోకాళ్ళ మీదుండి సత్ప్రసాదం నాలుక మీద తీసుకునెటోళ్ళం. నిలవడుమన్నరు, నిలవడ్డం. చేతిల తీసుకొమ్మన్నరు, తీసుకున్నం. తల మీద ముసుగు అక్కర్లేదన్నరు, సరే అన్నం. గోడలకు టీవీలు పెట్టిండ్రు, చూస్తున్నం. గీ ఒక్క పాటనన్న వదిలిపెట్టుండ్రి నాయనా!"

"తాళం తీసేద్దాం మనాలీ. ఒట్టి రాగమే వాయించు" అన్నాడు ఫాదర్. ఈసారి పడుచువాళ్ళను మాత్రమే పాడమన్నాడు. వాళ్ళలో పెద్ద గొంతు నిలేష్‌ది. వాడు మౌనం సగంలోనే ఉండగా తరువాతి చరణంలోకి దూకేశాడు. పక్కనున్న అమ్మాయి వాడి కంటే ఆలస్యంగా దూకింది. మూడోసారి కూడా అంతే. "చూసినవా, గింత ఓపిక లేదు వీళ్ళకు" అని లూర్దు చాప మీద చతికిలబడింది.

మనాలి కీబోర్డు మీంచి చేతులు తీసేసి నాయనమ్మ వైపు తిరిగింది. వారం రోజుల్లో నేరుగా మాట్లాడటం ఇదే మొదలు.

"ఆజీ, మాకు మళ్ళ ఎక్కడ ఎత్తుకోవాల్నో సమజైతలేదు. నువ్వు పెండ్లైనప్పటికెల్లి పాడ్తున్నవ్, నీకు లోపల తెలుస్తది. మాకు ఏదన్న ఒక నిశానీ కావాలె. బస్, గంతే."

"ఒక్క చప్పట్" అన్నాడు ఫాదర్. "ఆ ఖాళీలో అందరూ కలిసి ఒక్కటంటే ఒక్క చప్పట్. దాన్ని పట్టుకుని పిల్లలు అందుకుంటారు."

శౌరమ్మ లేచింది. కోపంతో కాదు. ఇంత మంచి మనిషికి ఇంత చిన్న విషయం ఎందుకు అర్థం కావడం లేదా అన్న బాధతో లేచింది.

"ఫాదర్, అది ఖాళీ కాదు. ఆడ తల్లి మాట్లాడతది. మనింటికొచ్చిన పెద్దమనిషి మాట్లాడుతుంటె మధ్యల చప్పట్లు కొడ్తమా?"

ఫాదర్ మెల్విన్ సెమినరీలో చదివినవన్నీ గుర్తు తెచ్చుకోబోయాడు. ఆయన గడ్డం గోక్కున్నాడు. జవాబు మనాలి దగ్గర్నుంచి వచ్చింది.

"తల్లి మాట్లాడతది, సరే ఆజీ. వినెటోళ్ళెవరుంటరు? నిరుడు పాడినోళ్ళల్ల రోజవ్వ పోయింది. మార్తవ్వ మంచం పట్టింది. రేపు నువ్వు సుత..." మనాలి ఆ మాట మింగేసి ఇంకోలా అందుకుంది. "నువ్వు పోయినంక ఈ పాట ఎవరు పాడ్తరో చెప్పు. నాకు నువ్వు లేకుంటె ఈ పాట అన్న ఉండాలె గద."

శౌరమ్మకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అబద్ధమై ఉంటే తిట్టి కూర్చోబెట్టేది. వారమంతా గోడ వైపు తిరిగి కూర్చుని తను తప్పించుకున్న మాట అదే. తనతో పాటే పాట పోతుందా, లేక మారిపోయి మిగులుతుందా? ఎటు చూసినా ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సిందే.

"సరే" అన్నది చివరికి. "మీరు పాడుండ్రి, మీ చప్పట్లు మీరు కొట్టుండ్రి. నేను నోరు విప్ప. వింట."

పడుచువాళ్ళు లేచి నిలబడ్డారు. మొదటి చప్పట్ వానాకాలం చాళ్ళ రేకుల మీద చినుకులు పడ్డట్టు తలా ఒకటిగా పడింది. రెండోది కాస్త నయం. మూడోది అందరిదీ ఒక్కటిగా, ఫట్టుమని పడింది. దాన్ని పట్టుకుని అందరూ ఒక్క గొంతుతో చరణం అందుకున్నారు. వాళ్ళ నోట 'రాయెత్తి' కాస్తా 'రాయేత్తీ' అని మరాఠీ యాసలో సాగింది. అయినా అది తెలుగే. చాళ్ళ వసారాల్లో పుట్టి పెరిగి, గుడిలో ఏనాడూ తెలుగులో నోరు విప్పని పిల్లలు పాడుతున్న తెలుగు. ఒట్టు పెట్టుకున్న మనిషి ఇలా అనుకోకూడదు గానీ, శౌరమ్మకు వినడానికి బాగుంది. బాగుందనిపించిన ప్రతిసారీ ఆ చప్పట్ పడి, వేసిన తలుపు మళ్ళీ ఎవరో తోసినట్టయ్యేది.

అప్పుడు గోడ పక్కనుంచి ఠప్‌మని ఇంకో చప్పుడు వినిపించింది.

అక్కడ కుర్చీలో తెరేజవ్వ ఉంది. ఆ చాళ్ళ మొత్తానికి ఆమెకంటే పెద్ద మనిషి లేదు. చెవులు పోయి చాలా కాలమైంది, చెవిలో నోరుపెట్టి అరిస్తే తప్ప వినపడదు. పూజంతా కునుకు తీస్తుంది, అయినా ప్రతి ఆదివారం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురాకపోతే ఊరుకోదు. ఇప్పుడు ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి. పాట ఆమెకు వినపడలేదు. పెదవుల కదలిక, చప్పట్ అదురు మాత్రం చేరాయి. తరువాతి మౌనంలో చప్పట్ పడేసరికి, సరిగ్గా దానితో పాటే ఆమె చేతికర్ర నేల మీద పడింది. ఠప్.

"ఇన్నేండ్లకు!" అన్నది తెరేజవ్వ, చెవుడు ఉన్నవాళ్ళ పెద్ద గొంతుతో. "ఇన్నేండ్లకు దెబ్బ పడ్డది!"

పడుచువాళ్ళు పాట ఆపేశారు. ఆమె ఆపలేదు. బోసి నోటితో, కర్రతో నేల మీద కొడుతూ, తనే పాట ఎత్తింది. ఇంతకాలం వాళ్ళు పాడుతున్న దానికి రెట్టింపు వేగంతో ఎత్తింది. రాయెత్తి వచ్చేము మరియ తల్లీ, ఠప్! నీ కొంగు నీడియ్యి మరియ తల్లీ, ఠప్! రెండు చరణాలకే ఆయాసం వచ్చి ఆగి, తెల్లబోయి చూస్తున్న ఆడవాళ్ళ మీద విసుక్కుంది.

"అట్ల చూస్తరేంది? గంత మెల్లగ పాడితె సున్నం గట్టిపడదా?"

"ఏ సున్నం అవ్వా?" లూర్దు ఆమె చెవి దగ్గర అరిచింది.

"గచ్చు సున్నం! పాటెందుకు మరి? మిద్దె మీద తడి సున్నం పోసి, ఆడోళ్ళందరం వరుసగ కూసొని చెక్కలతోని కొట్టెటోళ్ళం. ఒక్కతి పాట ఎత్తుతది. తల్లీ అనంగనే అందరి చెక్కలు ఒక్కపారి పడాలె. ఒక్కతి ఎనకవడ్డా గచ్చుల గుంత పడ్తది. మేస్త్రి తిడ్తడు." కర్రతో ఇంకోసారి కొట్టి చూపించింది. "పనికాడ ఎల్లమ్మను కొలిచెటోళ్ళు ఎల్లమ్మ అంటుండ్రి, మేం మరియమ్మ అంటుంటిమి. ఐతారం గుడికొస్తె చెక్క ఏడిది? అరచేతితోని నేల మీద కొట్టెటోళ్ళం. గుడంత అదిరేది."

"మరి రాయి అంటె పాపభారమని మాకు ఉపదేశి చెప్పిండు గదా!" అన్నది లూర్దు. అవ్వకు మళ్ళీ అరిచి చెప్పాల్సి వచ్చింది.

"పాపమేందే? రాయి అంటె రాయే! నెత్తి మీద పెట్టుకొని నాలుగంతస్తులు ఎక్కు, తెలుస్తది."

నవ్వులతో హాలు మారుమోగింది. నిలేష్ అయితే కుర్చీ మీంచి జారిపోయాడు. ఫాదర్‌కు మనాలి గబగబా మరాఠీలో చెబుతుంటే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

శౌరమ్మ ఒక్కతే నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది దేనికి? అక్కడ ఉండాల్సింది మౌనమే కాదట. వందమంది చేతుల చప్పుడు ఉండాల్సిన చోట, తల్లి జవాబిస్తుందని చెప్పి అందరి నోళ్ళూ మూయించింది తను. మొదట సిగ్గేసింది. సిగ్గు వెనకే ఉక్రోషం వచ్చింది. ఉక్రోషానికి ఒక మనిషి కావాలి కదా, ఎదురుగా ఫాదర్ మెల్విన్ కనిపించాడు.

"మీ సాములోళ్ళే!" అన్నది. "ఎవరో పాత ఫాదరే గుడిల చప్పుడేందని ఆపిచ్చి ఉంటడు. మా అత్త నోట్లె నాలుక లేని మనిషి. ఆగాలె అంటె ఆగింది, నాకు అదే నేర్పింది. అప్పుడు మీరు వద్దంటిరి, ఇప్పుడు మీరే కావాలంటిరి. మధ్యల నా ఒట్టు ఏం గావాలె?"

ఫాదర్ లేచి రెండు చేతులూ జోడించాడు. "అలా చేసిన వాళ్ళెవరైనా, వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. ఒట్టు సంగతి..."

"ఒట్టుల పాట ఎత్తననే గద అన్నది? చప్పట్లు కొట్టనని అన్లే" అని లూర్దు సందు చూపించబోయింది.

"నువ్వు ఊకో" అన్నది శౌరమ్మ. సందులు వెతుక్కునే మనిషి కాదామె. హాలు మూలన ఉన్న మరియమాత ప్రతిమ దగ్గరికి నేరుగా నడిచి, తల మీద కొంగు కప్పుకుని, అందరికీ వినపడేలాగే చెప్పింది. "తల్లీ, నీ ముంగట పెట్టుకున్న ఒట్టు నీ ముంగటనే తీసేస్తున్న. నువ్వు జవాబిస్తున్నవని అందరికి చెప్పిన. నువ్వు దెబ్బ కొట్టుమంటున్నవేమో, నాకే సమజు కాలే. కోపం చెయ్యకు."

వెనక్కి వచ్చి చాప మీద కూర్చోలేదు. పడుచువాళ్ళ ముందు నిలబడి, కొంగు బిగించి నడుముకు దోపుకుంది. "ఏమే మనాలి, నీ డబ్బాకు జర తొందర నేర్పు. సున్నం గట్టిపడ్తదట."

మనాలి ఏడుస్తూ నవ్వుతూ, ముక్కు చీదుకుని, మీట తిప్పింది.

ఆ తర్వాతి పాట గురించి ఎక్కువ రాస్తే దిష్టి తగులుతుంది. శౌరమ్మ ఎత్తింది. చాపలూ కుర్చీలూ ఏకమయ్యాయి. చప్పట్లు పడినచోట హాలు నిజంగానే అదిరింది. కుర్చీలు సర్దడానికని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఇన్నయ్య, ఎన్నడూ పాడని మనిషి, అందరికంటే గట్టిగా కొట్టాడు. అరచేతులు మండుతుంటే శౌరమ్మకు చిన్నపిల్లలా సంతోషం వేసింది. పాట పోదు. తన తర్వాత కూడా పోదు. ఇంత సులువైన సంగతికి వారం రోజులు మనవరాలితో మాట్లాడకుండా ఎలా ఉండగలిగానా అనుకుంది. మధ్యలో ఒకసారి మనాలి తల మీద చెయ్యి వేసింది. మనాలి వాయిస్తూనే ఆ చేతికి చెంప ఆనించింది.

పాట అయిపోయాక ఫాదర్ పండుగ పూజలో మన పాటే మొదటిదని చెప్పేశాడు. లూర్దుకు అది చాల్లేదు. తప్పు చేసిన ఫాదర్ పేరు తెలిస్తే గానీ ఆమెకు నిద్రపట్టదు. తెరేజవ్వ చెవిలో నోరు పెట్టింది.

"అవ్వా! ఆ దెబ్బ ఆపిచ్చిన సాములోరు ఎవరు?"

"సాములోరా?" అవ్వ నుదురు ముడిచింది. "సాములోరు ఎందుకు ఆపుతడు? ఆయన సుత మాతోని పాటు కొట్టెటోడు. ఆపింది జ్ఞానమ్మ."

"మా అత్తనా?" శౌరమ్మ దగ్గరికి వచ్చింది.

ఆమె మాట వినపడకపోయినా అవ్వ తన ధోరణిలో చెప్పుకుపోయింది. చేతికర్ర ఎత్తి హాలు పైకప్పు వైపు చూపించింది. "గీ మీది గచ్చు మేమే కొట్టినం. జ్ఞానమ్మే పాట ఎత్తింది. ఆమె పాట ఎత్తితె చేతులు వాటంతట అవ్వే లేచేటివి. పెనిమిటి సున్నం తట్ట మోసుకొని అంచు కాడికెల్లి వస్తున్నడు. తల్లీ అన్నది, అందరం తలలు వంచి దెబ్బ కొట్టినం. తలెత్తి చూస్తె తట్ట ఉన్నది, మనిషి లేడు."

లూర్దు చెయ్యి అవ్వ భుజం మీదే ఉండిపోయింది.

"మళ్ళ ఐతారం గుడికొచ్చింది. పాట నువ్వే ఎత్తాలె అన్నం. ఎత్తింది. దెబ్బ కాడికి రాంగనే చెయ్యి లేవలే. ఆమె చెయ్యే లేవకుంటె మాయి ఎట్ల లేస్తయి? ఎవ్వలం కొట్టలే. ఇగ మళ్ళ ఎన్నడు కొట్టలే."

శౌరమ్మ తన రెండు చేతుల వైపూ చూసుకుంది. అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అత్త ముఖం తిప్పుకుని "ఆగాలె, అంతే" అన్న ఆ సాయంత్రం ఆమెకు ఇప్పుడు అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుమ్మం దగ్గర కుర్చీ పడిన చప్పుడైంది. ఇన్నయ్య హాలు మధ్యలోకి నడిచి వస్తున్నాడు. తండ్రి ముఖం ఆయన ఎరగడు. నువ్వు కడుపులో ఉండగా మీ నాయన ఊర్లో జ్వరమొచ్చి పోయాడని తల్లి జ్ఞానమ్మ చెప్పింది. బతికినన్నాళ్ళూ అదే చెప్పింది. పెద్దవాడై పాలమూరు వైపు ఊరికి వెళ్ళి, సమాధుల్లో తండ్రి పేరు వెతికి, దొరక్క తిరిగి వచ్చాడు ఇన్నయ్య. రాయి పెట్టించే స్థోమత లేకపోయి ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆయన అవ్వ కుర్చీ ముందు వచ్చి కూర్చున్నాడు. పైకప్పు వైపు చూశాడు. మెల్లగా ఏదో అడిగాడు.

"ఏమంటున్నడు పిల్లగాడు?" అన్నది తెరేజవ్వ, చెవి మీద చెయ్యి పెట్టుకుని. ఆమెకు వినపడలేదు.

పొద్దున్నుంచీ అవ్వ చెవిలో అరుస్తున్న లూర్దు ఇప్పుడు పక్కకు జరిగి శౌరమ్మకు చోటిచ్చింది. అందరూ శౌరమ్మ వైపే చూశారు. ఆమె భర్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అవ్వ చెవి దగ్గరికి వంగి, ఆగిపోయింది.

"అడుగు శౌరీ" అన్నాడు ఇన్నయ్య. "మా నాయినను ఏడ బొంద పెట్టిండ్రో అడుగు. గట్టిగ అడుగు."